ఓఈఈ 62 నుంచి 92కు పెరిగింది, స్ట్రిప్పులు మాత్రం అన్నే

మాత్రల ఫ్యాక్టరీ కావచ్చు, కార్ల విడిభాగాలు చేసేది కావచ్చు, ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్ కావచ్చు, నెలవారీ రివ్యూ మీటింగ్‌లో తెర మీదకు తప్పకుండా వచ్చే అంకె ఒకటుంది. అదే ఓఈఈ. ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్ అనే పొడుగాటి పేరుకు ఇది పొట్టిపేరు. మెషీన్ నడపాలని మనం కేటాయించిన సమయంలో ఎంత భాగం మంచి సరుకుగా మారిందో శాతంలో చెప్పే లెక్క ఇది. ఆ మీటింగ్‌లో జరిగే మాటలు మాత్రం చాలాచోట్ల మూడు ప్రశ్నల దగ్గరే ఆగిపోతాయి. ఎంత వచ్చింది, ఎందుకు తగ్గింది, వచ్చే నెల ఎంత ఇస్తారు. ఇంత మంచి పనిముట్టును ఇలా వాడటం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఓఈఈలో పనికొచ్చేదంతా ఆ శాతం కింద దాగిన నిమిషాల్లో ఉంటుంది. ఆ నిమిషాల జోలికి పోకుండా శాతం ఒక్కటే పెంచుకుంటూ పోతే ఫ్యాక్టరీ బాగుపడదు. కొన్నిసార్లు ఉన్నదానికంటే చెడుతుంది కూడా.

ముందు లెక్క ఎలా వేస్తారో చూద్దాం. హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, ఇటు జడ్చర్ల పక్కన పోలేపల్లి దాకా మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి కాబట్టి బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. చుట్ట నుంచి పీవీసీ ఫిల్మ్ విప్పుకుంటూ వస్తుంది. వేడెక్కి, దానిలో గుంటలు పడతాయి. ఫీడర్ ఆ గుంటల్లో మాత్రలు నింపుతుంది. ఖాళీ గుంటలున్నాయా, విరిగిన మాత్రలున్నాయా అని కెమెరా చూస్తుంది. పైన అల్యూమినియం ఫాయిల్ అతుక్కుంటుంది, బ్యాచ్ నంబరు, గడువు తేదీ పడతాయి, చివరికి పంచ్ అయి స్ట్రిప్పులుగా కార్టనింగ్ మెషీన్ వైపు వెళ్తాయి. ఇలాంటి లైన్‌లో ఒక షిఫ్టు అనుకుందాం. అంకెలు లెక్క తేలికగా అర్థమవ్వాలని నేను వేసుకున్నవి.

షిఫ్టు 8 గంటలు, అంటే 480 నిమిషాలు. భోజనానికి, టీకి లైన్ ఆపే 40 నిమిషాలు తీసేస్తే 440 మిగులుతుంది. ఈ 440 నిమిషాలూ లైన్ నడవాలని మనమే ప్లాన్ చేసుకున్నాం. అందులో ఒక మందు నుంచి ఇంకో మందుకు మారడానికి, అంటే చేంజోవర్‌కి, 70 నిమిషాలు పోయింది. బ్రేక్‌డౌన్ వల్ల 26 నిమిషాలు పోయింది. లైన్ నడిచింది 344 నిమిషాలు. 344ని 440తో భాగిస్తే 78 శాతం. దీన్నే అవైలబిలిటీ అంటారు.

మెషీన్ నిమిషానికి 200 స్ట్రిప్పులు తీయగలదు. ఆ లెక్కన 344 నిమిషాల్లో 68,800 రావాలి. వచ్చినవి 55,040, అంటే 80 శాతం. ఇది పర్ఫార్మెన్స్. వచ్చిన వాటిలో 550 రిజెక్ట్ అయి 54,490 మంచివి మిగిలాయి. ఇది 99 శాతం, క్వాలిటీ. ఈ మూడింటినీ గుణిస్తే 62 శాతం దగ్గర తేలుతుంది. నిజానికి అంత గుణకారం కూడా అక్కర్లేదు. 440 నిమిషాలూ ఆగకుండా, 200 స్పీడులో, ఒక్కటీ పాడవకుండా నడిస్తే 88,000 స్ట్రిప్పులు వచ్చేవి. వచ్చిన మంచివి 54,490. ఒకదాన్ని ఇంకోదానితో భాగించినా అదే 62.

ఇప్పుడు దీన్ని నిమిషాల్లోకి మార్చి చూడండి. 54,490 స్ట్రిప్పులు తీయడానికి 200 స్పీడులో 272 నిమిషాలు చాలు. మనం ఇచ్చింది 440. మిగతా 168 నిమిషాలు ఎటు పోయాయి? చేంజోవర్‌లో 70, బ్రేక్‌డౌన్‌లో 26, క్వాలిటీలో దాదాపు 3. మిగిలిన 69 నిమిషాలు పర్ఫార్మెన్స్‌లో పోయాయి. శాతాలను ఒకదానితో ఒకటి గుణించాలి, కూడటానికి వీల్లేదు. అందుకే ఏ నష్టం పెద్దదో వాటిని చూసి చెప్పడం కష్టం. నిమిషాలను హాయిగా కూడుకోవచ్చు, పెద్ద నుంచి చిన్నకు వరసగా పేర్చుకోవచ్చు. షాప్ ఫ్లోర్ బోర్డు మీద శాతం బదులు ఈ నిమిషాలు రాస్తే ఆపరేటర్‌కీ మెయింటెనెన్స్ వాళ్లకీ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక శీర్షికలో చెప్పిన సంగతి. అదే షిఫ్టు, అవే 54,490 స్ట్రిప్పులు. "మెషీన్ మీద 200 అని రాసి ఉంది గానీ మన ఫిల్మ్‌తో, మన మాత్రతో అంత రాదు, ప్రాక్టికల్‌గా 160 పెట్టుకుందాం" అని ఎవరో అన్నారు. అందరూ సరే అన్నారు. 344 నిమిషాలను 160తో గుణిస్తే సరిగ్గా 55,040 వస్తుంది. పర్ఫార్మెన్స్ 100 శాతం అయిపోయింది, ఓఈఈ 77కి ఎగబాకింది. తర్వాత ఇంకొకరు "చేంజోవర్ ఎలాగూ తప్పదు కదా, దాన్ని ప్లాన్డ్ స్టాప్‌లోకి వేసేద్దాం" అన్నారు. భోజనం టైములాగే ఆ 70 నిమిషాలూ లెక్కలోంచి పోయాయి. 440 కాస్తా 370 అయింది, అవైలబిలిటీ 93 అయింది, ఓఈఈ 92కు చేరింది. గోడౌన్‌లోకి ఒక్క స్ట్రిప్పు కూడా ఎక్కువ రాలేదు.

ఇందులో ఎవరిదీ మోసం చేయాలన్న ఉద్దేశం కాకపోవచ్చు. రెండు వాదనలూ వినడానికి సబబుగానే ఉంటాయి. నష్టం ఏమిటంటే, లెక్కలోంచి తీసేసినదాని గురించి మళ్లీ ఎవరూ అడగరు. ఆ 70 నిమిషాలను విప్పి చూస్తే అసలు కథ తెలుస్తుంది. పాత మందు తాలూకు మాత్రలు, ఫాయిల్, కార్టన్లు అన్నీ తీసి శుభ్రం చేయడానికి 15 నిమిషాలు. పాత మందు ఆనవాళ్లేవీ మిగల్లేదని చూసి లైన్ క్లియరెన్స్ ఇవ్వడానికి క్యూఏ, అంటే క్వాలిటీ అష్యూరెన్స్, మనిషి వచ్చేదాకా ఎదురుచూపు 20. ఫార్మింగ్, సీలింగ్ ప్లేట్లు, ఫీడర్ మార్చడానికి 20. ట్రయల్ తీసి, సీల్ సరిగ్గా పడిందా, బ్యాచ్ నంబరు సరిగ్గా ఉందా అని చూసుకోవడానికి 15. ఇందులో లైన్ క్లియరెన్స్‌ని తగ్గించాలని ఎవరూ అనకూడదు. పాత బ్యాచ్ స్ట్రిప్పు ఒక్కటి కొత్త మందు పెట్టెలోకి వెళ్లినా రోగి ప్రాణం మీదకు వస్తుంది. కానీ ఆ మనిషి కోసం ఎదురుచూసిన 20 నిమిషాల వల్ల ఎవరి భద్రతా పెరగలేదు. పాత బ్యాచ్ అయిపోబోతోందని పావుగంట ముందే కబురు పెడితే పోయే నష్టం అది. ప్లాన్డ్ స్టాప్ అని ముద్ర వేసిన రోజున ఆ 20 నిమిషాలకు ఇక దిక్కులేదు.

అందుకే నిర్వచనాలు ఒక్కసారి రాసిపెట్టుకుని, వాటిని ఇష్టమొచ్చినట్టు మార్చకపోవడం ముఖ్యం. 2014లో వచ్చిన ఐఎస్ఓ 22400 ప్రమాణం రెండో భాగంలో ఈ లెక్కకు నిర్వచనం ఉంది. అయినా ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా లెక్కేస్తూనే ఉంది. దాని వల్ల పెద్ద ప్రమాదమేమీ లేదు, రెండు కంపెనీల ఓఈఈని పక్కపక్కన పెట్టి పోల్చనంత వరకు. ఐడియల్ స్పీడు, అంటే పర్ఫార్మెన్స్ లెక్కకు కొలబద్దగా పెట్టుకునే స్పీడు (మన ఉదాహరణలో 200), విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మందుల ప్యాకింగ్‌లో ఒక్కో ఉత్పత్తికి ఆమోదించిన స్పీడు పరిధి బ్యాచ్ రికార్డులో ఉంటుంది, దాన్ని దాటి నడపకూడదు. కాబట్టి ఆ పరిధిలోని గరిష్ఠ స్పీడునే ఆ ఉత్పత్తికి ఐడియల్‌గా తీసుకోవడం న్యాయం. నిన్నటి సగటు స్పీడును ఐడియల్ అనుకుంటే, నిన్నటి రోగాన్నే ఆరోగ్యం అనుకున్నట్టు. పర్ఫార్మెన్స్ 100 దాటి 104, 108 అని వస్తోందంటే సంబరపడకండి. ఐడియల్ స్పీడు తప్పుగా పెట్టుకున్నారనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదు.

ఈ లెక్క ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఎలా వాడాలో కూడా కొంత తెలుస్తుంది. టయోటా గ్రూపులో విడిభాగాలు చేసే నిప్పన్‌డెన్సో, అంటే ఇప్పటి డెన్సో, 1971లో జపాన్‌లో మెయింటెనెన్స్‌కు ఇచ్చే అవార్డు గెలుచుకుంది. ఆపరేటర్లందరినీ కలుపుకుని యంత్రాల బాగోగులు చూసే పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది. దాన్నే టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్, టీపీఎం అంటారు. జపాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో పనిచేసిన సెయిచి నకజిమా దాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు, ఓఈఈని కూడా. యంత్రం దగ్గర పోయే సమయాన్ని ఆయన ఆరు పెద్ద నష్టాలుగా విడదీశారు. బ్రేక్‌డౌన్లు, సెటప్ సర్దుబాట్లు అవైలబిలిటీలో పడతాయి. చిన్న చిన్న ఆగుడులు, తగ్గిన స్పీడు పర్ఫార్మెన్స్‌లో. రిజెక్షన్, రీవర్క్ ఒకటి, మెషీన్ కుదురుకునే దాకా పోయే సరుకు ఇంకొకటి, ఈ రెండూ క్వాలిటీలో. మెషీన్‌ని తుడిచి, నూనె వేసి, బోల్టులు బిగించి, చప్పుడు మారితే పట్టుకోగలిగే ఆపరేటర్ల చిన్న బృందాలకు, తమ శ్రమ ఎక్కడ పెట్టాలో, పెట్టింది ఫలిస్తోందో లేదో చూపించడానికి తయారైన లెక్క ఇది. పై ఆఫీసులో కూర్చుని ప్లాంట్లకు ర్యాంకులు ఇవ్వడానికి పుట్టలేదు.

తరచూ వినపడే 85 శాతం కూడా నకజిమా నుంచి వచ్చిందే. అవైలబిలిటీ 90కి పైన, పర్ఫార్మెన్స్ 95కి పైన, క్వాలిటీ 99కి పైన ఉంటే ఓఈఈ 85 చుట్టుపక్కలకు వస్తుంది. ఒకే రకం భాగాన్ని రోజుల తరబడి తీసే ఆటో విడిభాగాల లైన్‌కి అది అందే పండు. రోజుకు మూడు మందులు మారే ప్యాకింగ్ లైన్‌కి 85 అని టార్గెట్ పెడితే టీమ్‌కి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఆ ఒత్తిడిలో వాళ్లు చేసేది ఇందాక చూసిందే, నిర్వచనాలు మార్చడం.

లాగ్‌బుక్‌లో లేని 69 నిమిషాలు

మన షిఫ్టులో చేంజోవర్, బ్రేక్‌డౌన్ గురించి లాగ్‌బుక్‌లో రాసి ఉంటుంది. పర్ఫార్మెన్స్‌లో పోయిన 69 నిమిషాల గురించి ఒక్క అక్షరం ఉండదు. వాటిని పట్టుకోవాలంటే లైన్ పక్కన ఒక గంట నిలబడాలి. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఈ గంట తప్పించుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

నిలబడితే కనిపించేది ఇది. ఫీడర్‌లో విరిగిన మాత్ర ముక్క ఒకటి అడ్డం పడుతుంది. ఒక వరస గుంటలు ఖాళీగా పోతుంటాయి. కెమెరా వాటిని వరసగా రిజెక్ట్ చేసి, మెషీన్‌ని ఆపేస్తుంది. ఆపరేటర్ గార్డ్ తెరిచి, ముక్క తీసి, పేరుకున్న పొడిని బ్రష్‌తో తుడిచి, గార్డ్ మూసి, రీసెట్ కొట్టి స్టార్ట్ నొక్కుతాడు. అంతా కలిపి 40 సెకన్లు. కాసేపటికి మళ్లీ అదే. పక్కన నిలబడ్డ మనిషికి అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆపరేటర్‌ని అడిగితే "బాగానే నడుస్తోంది సార్" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. రోజూ చేసి చేసి అతనికది మెషీన్ నడపడంలో ఒక భాగమైపోయింది. అయిదు నిమిషాలు దాటితేనే లాగ్‌బుక్‌లో రాయాలన్న రూలు చాలాచోట్ల ఉంటుంది. ఇవి ఎప్పటికీ అయిదు నిమిషాలు దాటవు.

షిఫ్టులో ఇలా 60 సార్లు ఆగిందనుకోండి, 40 నిమిషాలు. మిగతా 29 నిమిషాలు స్పీడులో పోయాయి. ఆగుడులు తీసేసి లెక్కేస్తే మెషీన్ నిమిషానికి 200 బదులు 181 దగ్గర నడిచినట్టు తేలుతుంది. ఎందుకు తగ్గించారని అడిగితే కారణాలు బయటికొస్తాయి. స్పీడు పెంచితే సీల్ సరిగ్గా పడట్లేదు, లేదా కార్టనింగ్ మెషీన్ అందుకోలేక స్ట్రిప్పులు పేరుకుపోతున్నాయి, లేదా ఫీడర్ మరీ ఎక్కువగా ఆగుతోంది. ఇలా ఒక నష్టం వెనకాల ఇంకో నష్టం దాక్కుని ఉంటుంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే మరో సంగతి. ఫీడర్‌లో ముక్కలూ పొడీ ఎందుకొస్తున్నాయి? మాత్ర గట్టిదనం తక్కువగా ఉండటం వల్ల కావచ్చు, డబ్బాల్లో తెచ్చి పోసేటప్పుడు ఎత్తు నుంచి పడి విరగడం వల్ల కావచ్చు. ప్యాకింగ్ లైన్ ఓఈఈలో కనిపించిన నష్టానికి వేరు, పొడిని నొక్కి మాత్రలు చేసే కంప్రెషన్ గదిలో ఉండొచ్చు. ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని ఎన్ని మీటింగ్‌లలో నిలబెట్టి అడిగినా ఈ ముక్కలు తగ్గవు. ఇద్దరు సూపర్‌వైజర్లూ కలిసి ఫీడర్ దగ్గర నిలబడి ఆ పొడిని చూసిన రోజున మాట మొదలవుతుంది.

నష్టాల కారణాలు రాసుకునే పద్ధతి గురించి కూడా ఒక మాట. యాభై అరవై కారణాల కోడ్‌లతో జాబితా తయారుచేసి ట్యాబ్‌లో పెడతారు. పని ఒత్తిడిలో ఉన్న ఆపరేటర్ అందులో వెతకడు, మొదటిది గానీ "ఇతరాలు" గానీ నొక్కుతాడు. నెలాఖరున చూస్తే అతిపెద్ద నష్టం "ఇతరాలు". ఎనిమిదో పదో కారణాలు, అవీ ఆపరేటర్లు వాడే మాటల్లో ఉంటే చాలు. స్ట్రిప్పుల లెక్క, ఆగిన సమయం మెషీన్ కౌంటర్ నుంచి రావాలి. ఎందుకు ఆగిందన్నది మనిషి చెప్పాలి.

ఒకే అంకె, రెండు రోగాలు

రెండు మెషీన్లు ఉన్నాయనుకుందాం. ఒకదానికి అవైలబిలిటీ 95, పర్ఫార్మెన్స్ 70, క్వాలిటీ 99. ఇంకోదానికి అవైలబిలిటీ 70, పర్ఫార్మెన్స్ 95, క్వాలిటీ 99. రెండింటి ఓఈఈ 66 శాతానికి దగ్గరే. మొదటిది ఆగకుండా కుంటుకుంటూ నడుస్తోంది, రెండోది నడిచినంతసేపు బాగా నడిచి తరచూ పడిపోతోంది. చేయాల్సిన పని రెండుచోట్లా వేరు. పదో తరగతి మెమోలో మొత్తం మార్కులు మాత్రమే చూసి పిల్లాడికి ఏ సబ్జెక్టులో ట్యూషన్ పెట్టాలో చెప్పలేం కదా, ఇక్కడా అంతే.

పైగా ఈ మూడు అంకెల్లో ఒక్కో శాతానికి ఒక్కో ఖరీదు. అవైలబిలిటీలో ఒక శాతం పోతే పోయేది సమయం. క్వాలిటీలో ఒక శాతం పోతే సమయంతో పాటు మాత్రలు, ఫిల్మ్, ఫాయిల్ పోతాయి, రిజెక్ట్ అయిన స్ట్రిప్పుల లెక్క తేల్చి నాశనం చేసే పని మిగులుతుంది. ఖరీదైన మందు ప్యాక్ చేసే లైన్‌లో ఆ ఒక్క శాతం, బ్రేక్‌డౌన్‌లో పోయిన పది శాతం కంటే ఎక్కువ డబ్బు కావచ్చు. ఓఈఈ ఈ తేడా చూపించదు. రీవర్క్ చేసి బాగుచేసిన సరుకును మంచిదాంట్లో కలిపేస్తే ఉన్నది కూడా చూపించడం మానేస్తుంది. మొదటిసారే మంచిగా వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

సగటు సంగతి ఇంకా ఘోరం. ప్లాంట్‌లో ఉన్న 30 మెషీన్ల ఓఈఈ కూడి 30తో భాగించి "ప్లాంట్ ఓఈఈ" అంటారు. పనిలేక రోజంతా ఖాళీగా ఉండే పాత మెషీన్‌కీ, క్షణం ఆగినా డిస్పాచ్ ఆలస్యమయ్యే మెషీన్‌కీ అక్కడ సమాన ఓటు. ఆ సగటు రెండు పాయింట్లు పెరిగిందంటే ఏం జరిగినట్టో ఎవరూ చెప్పలేరు.

ఏ మెషీన్ మీద కొలవాలి

ఇది అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. సాధారణంగా చివరికి గుర్తొస్తుంది. ఇజ్రాయెల్‌కు చెందిన మేనేజ్‌మెంట్ రచయిత ఎలియాహు గోల్డ్‌రాట్ 1980ల్లో గట్టిగా చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఫ్యాక్టరీ మొత్తం వేగాన్ని ఒకటి రెండు ఇరుకు చోట్లే నిర్ణయిస్తాయి. అక్కడ ఒక గంట పోతే ఫ్యాక్టరీకి గంట పోయినట్టు. మిగతా చోట్ల గంట మిగిలితే ఖాళీ సమయం పెరిగిందంతే.

మన ఉదాహరణలో ఇరుకు చోటు బ్లిస్టర్ లైన్ కాకుండా దాని ముందున్న, మాత్రలకు పైపూత వేసే కోటింగ్ అయితే? బ్లిస్టర్ ఓఈఈ 62 నుంచి 74కి పెంచినా మాత్రలు అంత వేగంగా రావు, లైన్ ఖాళీగా కూర్చుంటుంది. ఇరుకు చోటు మందును పరీక్షించే క్యూసీ ల్యాబ్ అయితే? ప్యాక్ చేసిన పెట్టెలు రిలీజ్ కోసం క్వారంటైన్‌లో గుట్టలు పడతాయి. కష్టపడింది నిజమే, కంపెనీకి వచ్చింది శూన్యం. కాబట్టి ఓఈఈని నిమిషాల స్థాయిలో, రోజూ, శ్రద్ధగా చూడాల్సింది ఇరుకు మెషీన్ మీదే. మిగతా మెషీన్ల విషయంలో అడగాల్సింది వేరు. పని ఉన్నప్పుడు నడిపితే నడిచిందా లేదా? టయోటా ఈ రెండింటినీ ఎప్పటి నుంచో విడదీసి చూస్తుంది. మెషీన్‌ని ఎంతసేపు నడపాలనేది ఆర్డర్లను బట్టి తేలుతుంది, అది తక్కువైనా తప్పు లేదు. నడపాలన్నప్పుడు నడవడానికి సిద్ధంగా ఉండటం మాత్రం నూటికి నూరు ఉండాలి.

ఆర్డర్ లేక మెషీన్ ఆపిన సమయాన్ని ఓఈఈ నష్టంగా రాసే చోట్లు కూడా చూస్తాం. అంతకంటే ప్రమాదకరమైన అలవాటు లేదు. అంకె పడిపోకూడదని ఎవరికీ అక్కర్లేని సరుకు తీస్తారు. అది గోడౌన్‌లో కూర్చుంటుంది, మందులైతే గడువు కరుగుతుంది, పెట్టిన డబ్బు ఇరుక్కుపోతుంది. ఓఈఈ చార్టులో మాత్రం పచ్చరంగు.

వరసగా ఉన్న లైన్‌లో ఇంకో చిక్కు. కార్టనింగ్ మెషీన్ ఆగితే బ్లిస్టర్ మెషీన్ కూడా ఆగాలి. ఆ సమయం ఎవరి ఖాతాలో? బ్లిస్టర్ వాళ్లు కార్టనింగ్ అంటారు, కార్టనింగ్ వాళ్లు కార్టన్లు సరిగ్గా విచ్చుకోవట్లేదని స్టోర్స్ మీద వేస్తారు, స్టోర్స్ వాళ్లు సప్లయర్ అంటారు. తిలా పాపం తలా పిడికెడు. ముందు నుంచి సరుకు రాక ఆగడం, వెనకాల దారి లేక ఆగడం అని రెండు గడులు విడిగా పెట్టుకుని, లైన్ మొత్తానికి ఒకే ఓఈఈని ఇరుకు మెషీన్ దగ్గర లెక్కేస్తే ఈ తగువు చాలావరకు తీరుతుంది.

అసలు ఓఈఈ పెట్టుకోకూడని చోట్లు కూడా ఉన్నాయి. బాలానగర్‌లోని టూల్‌రూమ్ లాంటి చోట, ప్రతి పనీ కొత్తదే, ఒక్కో డైకి, అంటే లోహపు అచ్చుకి, ఒక్కో మిషనింగ్, ఐడియల్ సైకిల్ టైం అనేదే ఉండదు. అక్కడ చెప్పిన తేదీకి పని ఇచ్చామా అన్నదే అడగాలి.

ఓఈఈ పెరగకుండానే బాగుపడటం

1969లో టయోటాలో 1,000 టన్నుల ప్రెస్‌కి డై మార్చడానికి 4 గంటలు పట్టేది. జపాన్ ఇంజినీరు షిగియో షింగో అక్కడి వాళ్లతో కలిసి పనిచేసి ముందు గంటన్నరకు, తర్వాత 3 నిమిషాలకు తగ్గించారు. ప్రెస్ నడుస్తుండగానే చేసుకోగల పనులను ముందుగా చేసిపెట్టుకోవడం, ఆగినప్పుడు తప్పక చేయాల్సినవే అప్పుడు చేయడం ఆ పద్ధతికి మూలం. ఇలా మిగిలిన సమయంతో టయోటా ఏం చేసిందన్నది చాలామంది పట్టించుకోరు. అదే డైని ఇంకా ఎక్కువసేపు నడిపి సరుకు గుట్టలు వేయలేదు. డైలను మరింత తరచుగా మార్చి, చిన్న చిన్న లాట్లు, అంటే ఒక్కో విడతలో కొద్ది సరుకే, తీసింది.

మన లైన్‌కి ఇది అన్వయించి చూడండి. చేంజోవర్ 70 నుంచి 35 నిమిషాలకు తగ్గింది. షిఫ్టుకు ఒక్క చేంజోవరే ఉంచితే ఓఈఈ 68కి పెరుగుతుంది, ప్రెజెంటేషన్‌లో చూపించుకోవచ్చు. షిఫ్టుకు రెండు చేంజోవర్లు చేస్తే 35 రెండు సార్లు, మళ్లీ 70. ఓఈఈ 62 దగ్గరే ఆగుతుంది. కానీ లాట్ సైజు సగమైంది. వారానికోసారి ప్యాక్ అయ్యే మందు వారానికి రెండుసార్లు ప్యాక్ అవుతోంది. గోడౌన్‌లో నిల్వ తగ్గింది, డిస్ట్రిబ్యూటర్ అడిగింది త్వరగా వెళ్తోంది. ఆ లైన్‌లో పనిచేసేవాళ్లు గొప్ప పని చేశారు, ఓఈఈ చార్టు మాత్రం కదల్లేదు. ఆ చార్టు ఒక్కటే చూసే మేనేజరు వాళ్లను మెచ్చుకోవాల్సింది పోయి మందలిస్తాడు. ఓఈఈ పెంచడానికి అన్నిటికంటే సులువైన దారి దీనికి సరిగ్గా వ్యతిరేకం, లాట్లు పెద్దవి చేసి చేంజోవర్లు తగ్గించుకోవడం. అంకె పెరుగుతుంది, కస్టమర్ ఎదురుచూపులూ పెరుగుతాయి.

ఏ మెరుగుదలైనా చివరికి ఎక్కడ తేలిందని అడిగే అలవాటు ఉంటే ఈ తికమక ఉండదు. ఆదివారం ఓవర్‌టైం తగ్గిందా? డిస్పాచ్ ముందుకొచ్చిందా? లాట్ చిన్నదైందా? వీటిలో ఒక్కటీ జరగకుండా ఓఈఈ పెరిగిందంటే ఆ పెరుగుదలను అనుమానించాలి.

ఇక బోనస్. ఓఈఈని ఆపరేటర్ల ఇన్సెంటివ్‌కి ముడిపెట్టిన మర్నాటి నుంచి లాగ్‌బుక్ నిజం చెప్పడం మానేస్తుంది. 12 నిమిషాల బ్రేక్‌డౌన్ నాలుగు నిమిషాలుగా మారుతుంది. అనుమానంగా ఉన్న స్ట్రిప్పు మంచిదాంట్లోకి జారుతుంది. మందుల దగ్గర ఇది ఊరుకునే విషయం కాదు. నష్టం రాసినందుకు ఎవరికీ చీవాట్లు పడవని, రాయకపోతేనే మెయింటెనెన్స్ వాళ్లు రారని ఆపరేటర్‌కి అనుభవంలో తెలియాలి. రాసిన నష్టాల్లో వారానికి ఒక్కటైనా నిజంగా సరిచేసి చూపిస్తే, తర్వాతి వారం అడగకుండానే ఇంకా వివరంగా రాస్తారు.

ఓఈఈ బాగా అక్కరకొచ్చే సందర్భం ఇంకొకటి ఉంది. ఆర్డర్లు పెరిగాయి, రెండో లైన్ కొనాలని ప్రపోజల్ వచ్చింది. అప్పుడు మన షిఫ్టు నిమిషాలను బల్ల మీద పరవాలి. క్యూఏ కోసం ఎదురుచూసిన 20 నిమిషాలు పోయాయనుకుందాం. ఫీడర్ ఆగుడులు 40 నుంచి సగానికి, 20కి తగ్గాయనుకుందాం. స్పీడు 181 దగ్గరే ఉంచుదాం, రిజెక్షన్ కూడా అంతే. షిఫ్టుకు మంచి స్ట్రిప్పులు 61,600 దాటుతాయి, అంటే ఇప్పటికంటే 13 శాతం ఎక్కువ, ఓఈఈ 70. పెరిగిన ఆర్డర్లు ఆ లోపలే ఉంటే కొత్త లైన్‌కి పెట్టే డబ్బు ఆగుతుంది. అంతకు మించి ఉంటే అప్పుడు చూడాల్సింది ఓఈఈ కూడా కాదు, వారానికి ఉన్న 168 గంటల్లో లైన్‌కి మనం ఇస్తున్నవి ఎన్ని అన్నది. రెండు షిఫ్టులే నడుస్తుంటే మూడో షిఫ్టుకు మనుషులు దొరుకుతారా, ఆ వేళ క్యూఏ ఉంటారా, కోటింగ్ నుంచి మాత్రలు వస్తాయా అని లెక్క చూసుకుని, అది కూడా చాలదని తేలాకే కొటేషన్ తెప్పించుకోవాలి.